మూడు కార్డ్‌లు వచ్చేశాయి, మరి పాటేది?

గిటార్ పట్టుకున్న మొదటి వారంలోనే ఎవరో ఒకరు ఈ మాట చెప్తారు: "జి, సి, డి... ఈ మూడు కార్డ్‌లు వస్తే చాలు మామా, వంద పాటలు వాయించేయొచ్చు." ఇందులో అబద్ధం లేదు. 1960ల నాటి ఇంగ్లిష్ పాప్, ఫోక్ పాటలు తీసుకోండి. బాబ్ డిలన్‌వి, పీటర్ పాల్ అండ్ మేరీ వాళ్లవి, బీటిల్స్ తొలిరోజులవి. చాలా వాటికి నిజంగానే మూడు నాలుగు కార్డ్‌లకి మించి అక్కర్లేదు.

సమస్య మూడో వారంలో మొదలవుతుంది. మూడు కార్డ్‌లూ వచ్చేశాయి. ఫోన్‌లో సాహిత్యం, దాని మీద కార్డ్ అక్షరాలు పెట్టుకుని వాయిస్తున్నాం. కానీ పది పాటలు వాయిస్తే పదీ ఒకేలా వినిపిస్తాయి. మనం నోరు తెరిచి పాడితే తప్ప అది ఏ పాటో పక్కమంచం మీద కూర్చున్నవాడికి తెలీదు. నాలుగో వారానికి గిటార్ బీరువా మీదకి ఎక్కేస్తుంది. మా హాస్టల్‌లో వెతికితే ప్రతి ఫ్లోర్‌లోనూ అలా దుమ్ము పట్టిన గిటార్ ఒకటైనా దొరుకుతుంది.

ఈ వ్యాసం ఆ మూడో వారంలో ఉన్నవాళ్ల కోసం. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ పాటల్లో ఎడమచేతికి పని తక్కువ, అందుకే అవి తేలిక అంటారు. కానీ పాటని పాటగా నిలబెట్టేది కుడిచెయ్యి. ఆ కుడిచెయ్యి ఏం చేస్తుందో కార్డ్ షీట్‌లో రాయరు. (ఎడమచేతివాటం వాళ్లు ఇక్కణ్నుంచి కుడిఎడమలు మార్చుకుని చదువుకోండి. మీలో ఒకావిడ గురించి తర్వాత చెప్తాను, మీరు గర్వపడతారు.)

ముందు కాస్త పరిభాష. కార్డ్ అంటే ఒకేసారి మోగే మూడు నాలుగు స్వరాల గుంపు. ఏటీఎం కార్డుకీ దీనికీ తెలుగులో ఒకే స్పెల్లింగ్, ఏం చెయ్యలేం. గిటార్‌లో అన్నిటికంటే సన్నని తీగ ఒకటో నంబరు, అన్నిటికంటే లావుది ఆరో నంబరు. శ్రుతి చేశాక ఆరు నుంచి ఒకటి దాకా వరసగా ఇ, ఎ, డి, జి, బి, ఇ. మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీతలు ఫ్రెట్‌లు. ఇంతకు మించి ఇప్పటికి అక్కర్లేదు.

ఈ పాటలే ఎందుకు

కార్డ్‌లు తక్కువ కావడం ఒక కారణం. అంతకంటే నాకు ముఖ్యమనిపించేది, ఆ ఫోక్ రికార్డుల్లో చాలావాటిలో ఒక గొంతు, ఒక గిటార్, అంతే ఉంటాయి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటే వేలు తీగ మీద జారిన శబ్దం కూడా తెలుస్తుంది. ఇప్పటి పాటల్లో గిటార్ ఎక్కడుందో వెతుక్కోవాలి. అక్కడ మాత్రం అది మన ఎదురుగా కూర్చుని ఉంటుంది.

ఇంకోటి, వాటిని కట్టినవాళ్లు కూడా మన వయసువాళ్లే. 1956లో లానీ డొనెగన్ పాడిన 'రాక్ ఐలాండ్ లైన్' అనే అమెరికన్ జానపదం బ్రిటన్‌లో పెద్ద హిట్ అయింది. స్కిఫుల్ అనేవారు ఆ పద్ధతిని. చవక గిటార్ ఒకటి, బట్టలుతికే గరుకు పలక ఒకటి, టీపొడి పెట్టెకి కర్రా తాడూ కట్టి చేసిన బేస్ ఒకటి ఉంటే బ్యాండ్ రెడీ. దేశమంతా కుర్రాళ్లు గిటార్లు కొన్నారు. లివర్‌పూల్‌లో జాన్ లెనన్ మొదలుపెట్టిన క్వారీమెన్ అలాంటి గుంపే, అదే తర్వాత బీటిల్స్ అయింది. ఊళ్లో ఎవరికో బి సెవెన్ అనే కార్డ్ తెలుసని విని, బస్సెక్కి ఊరి అవతలికి వెళ్లి నేర్చుకొచ్చామని పాల్ మెకార్ట్నీ చాలాసార్లు చెప్పుకున్నాడు. ఒక్క కార్డ్ కోసం! మనకి అదే కార్డ్ బొమ్మ ఫోన్‌లో రెండు సెకన్లలో వస్తుంది. కానీ వాళ్లు బొమ్మ చూసి రాలేదు, వాయిస్తున్న మనిషిని చూసి వచ్చారు. చెయ్యి ఎంత గట్టిగా పడుతోంది, ఎక్కడ ఆగుతోంది, అవన్నీ కూడా బస్సులో వెంట తెచ్చుకున్నారు.

మన సంగీతంలో గురుముఖంగా నేర్చుకోవడం అంటాం కదా, దాదాపు అదే. నోటేషన్ పుస్తకం చేతిలో ఉన్నా టీచర్ పాడి వినిపిస్తేనే కీర్తన వస్తుంది.

ఎడమచెయ్యి సంగతి త్వరగా తేల్చేద్దాం

వేళ్లు నొప్పెడతాయి. రెండు మూడు వారాల్లో కొసలు గట్టిపడతాయి, తర్వాత గుర్తుకూడా ఉండదు. నొప్పి మరీ ఎక్కువగా ఉంటే తప్పు మీ వేళ్లది కాకపోవచ్చు. చవక గిటార్లలో తీగలు మెడకి చాలా ఎత్తులో ఉంటాయి. షాపులో చెప్పి కిందికి దింపించుకోండి, సన్నరకం తీగలు వేయించుకోండి.

అసలు కష్టం కార్డ్ పట్టుకోవడం కాదు, ఒకదాన్నుంచి ఇంకోదానికి ఆలస్యం లేకుండా వెళ్లడం. అన్ని వేళ్లూ గాల్లోకి లేపి మళ్లీ ఒక్కొక్కటీ దింపడం కొత్తవాళ్ల అలవాటు. బదులుగా, రెండు కార్డ్‌లకీ ఉమ్మడిగా ఉన్న వేలు ఏదో చూసుకోండి. సి నుంచి ఎ మైనర్‌కి వెళ్లడానికి కదలాల్సింది ఉంగరపు వేలు ఒక్కటే. ఇ నుంచి ఎ మైనర్‌కి ఆకారం అస్సలు మారదు, మూడు వేళ్లూ కలిసి ఒక్కో తీగ జరుగుతాయి. జి కార్డ్‌ని చిటికెనవేలు వాడి పట్టుకుంటే, అంటే ఆరో తీగ మూడో ఫ్రెట్ మీద ఉంగరపు వేలు, అయిదో తీగ రెండో ఫ్రెట్ మీద మధ్యవేలు, ఒకటో తీగ మూడో ఫ్రెట్ మీద చిటికెన, అక్కణ్నుంచి సికి వెళ్లడం పిల్లాట. ఆ ఉంగరపు వేలూ మధ్యవేలూ ఒక్కో తీగ పక్కకి జరుగుతాయి, చూపుడువేలు వచ్చి రెండో తీగ మీద కూర్చుంటుంది. మొదట్లో చిటికెన మాట వినదు. మూడు రోజులు బతిమాలండి.

ఫోన్‌లో ఒక నిమిషం టైమర్ పెట్టి, రెండు కార్డ్‌ల మధ్య ఎన్నిసార్లు మారగలిగారో లెక్కపెట్టండి. 30 దాటితే నెమ్మది పాట మొదలుపెట్టొచ్చు. ఎఫ్ దగ్గర అందరూ ఏడుస్తారు. చూపుడువేలితో ఆరు తీగలూ నొక్కే పెద్ద ఎఫ్ ఇప్పుడే వద్దు, నాలుగు తీగల చిన్న ఎఫ్ చాలు. ఈ పాటలకి అది ఎక్కడా లోటు చెయ్యదు.

ఏడో ఫ్రెట్ మిస్టరీ

ఇప్పుడు సీఎస్‌వాళ్లకి ఇష్టమైన భాగం. డిలన్ 'బ్లోయిన్ ఇన్ ద విండ్' (1963) రికార్డు పెట్టుకుని, మీరు జి, సి, డిలతో వాయించండి. కలవదు. కార్డ్‌లు సరైనవే, కానీ రికార్డు వేరే శ్రుతిలో ఉంటుంది. ఎందుకంటే డిలన్ ఏడో ఫ్రెట్ మీద కేపో పెట్టాడు. కేపో అంటే తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపెట్టే క్లిప్పు. రెండు వందలకో మూడు వందలకో వస్తుంది, కొత్తవాళ్లు కొనాల్సిన మొదటి వస్తువు అదే.

లెక్క చాలా సింపుల్. ఆక్టేవ్‌లో 12 మెట్లు. సిని 0 అనుకుంటే డి 2, ఇ 4, ఎఫ్ 5, జి 7, ఎ 9, బి 11. కేపో ఏ ఫ్రెట్ మీద ఉంటే ఆ అంకె కలపండి, 12 దాటితే 12 తీసేయండి. జి ఆకారం, ఏడో ఫ్రెట్: 7 ప్లస్ 7 అంటే 14, అందులో 12 పోతే 2. అంటే డి. వేళ్లు జి పట్టుకున్నాయి, చెవికి డి వినిపిస్తోంది. అరే ఇండెక్స్‌కి ఆఫ్‌సెట్ కలిపి మాడ్యులో చెయ్యడమే, ఫస్ట్ ఇయర్ ల్యాబ్‌లో చేసిందే.

తమాషా ఏంటంటే జార్జ్ హారిసన్ 'హియర్ కమ్స్ ద సన్' (1969) కూడా ఏడో ఫ్రెట్ కేపోనే, డి ఆకారాలు. సైమన్ అండ్ గార్ఫంకెల్ 'స్కార్‌బరో ఫెయిర్' (1966) కూడా ఏడే, ఎ మైనర్ ఆకారాలు. ముగ్గురూ అక్కడికే ఎందుకు వెళ్లారు? ఏడో ఫ్రెట్ దగ్గర తీగ పొడవు మూడింట రెండు వంతులకి తగ్గుతుంది. మామూలు గిటార్‌లో 650 మిల్లీమీటర్ల తీగ 434 దగ్గరికి వచ్చేస్తుంది. మోత పలచబడి, కాస్త మాండొలిన్‌లా గలగలమంటుంది. కేపో తీసేసి అవే శ్రుతిలో వేరే కార్డ్‌లతో వాయిస్తే స్వరాలు కరెక్టే ఉంటాయి, ఆ గలగల మాత్రం రాదు.

కేపోకి ఇంకో ఉపయోగం ఉంది, మనకి అదే పెద్దది. మన శ్రుతి మనం పెట్టుకోవచ్చు. కచేరీలో గాయకుడి గొంతుని బట్టి తంబూరా శ్రుతి చేస్తారు గానీ తంబూరాని బట్టి గొంతు మార్చుకోరు కదా. పాట ఎత్తుకోగానే గొంతు పీలగా అయిపోతుంటే కేపో జరపండి. "నాకు పాడటం రాదురా" అనేవాళ్లలో చాలామందికి పాడటం వచ్చు, వాళ్లు వేరేవాళ్ల శ్రుతిలో పాడుతున్నారు అంతే.

బొటనవేలు

కుడిచేతి మొదటి పాఠం ఇది. కొత్తవాళ్లు ఆరు తీగల్నీ పైనుంచి కిందికి, కిందినుంచి పైకి దువ్వేస్తారు. గడ్డి కోసినట్టు. ఫోక్ వాయిద్యంలో అలా ఉండదు. బొటనవేలు ముందు ఒక్క లావు తీగని మీటుతుంది, తర్వాత మిగతా వేళ్లు సన్న తీగల్ని దువ్వుతాయి. మళ్లీ బొటనవేలు, ఈసారి ఇంకో లావు తీగ. మళ్లీ దువ్వు. "ధుం చక్, ధుం చక్." జి కార్డ్‌లో ధుంలు ఆరో తీగ, నాలుగో తీగ. డిలో నాలుగు, అయిదు.

ఆ రెండు తీగలే ఎందుకు? జిలో ఆరో తీగ జి స్వరం, నాలుగో తీగ డి స్వరం. జిని స అనుకుంటే డి ప. డి కార్డ్‌లో కూడా అంతే, నాలుగో తీగ స, అయిదోది ప. అంటే ఆ బొటనవేలు చేస్తున్నది స, ప, స, ప. తంబూరా! కాకపోతే మన తంబూరా తాళంతో పట్టింపు లేకుండా మోగుతుంది, వీళ్లది నడుస్తుంది. నాకు ఇది అర్థమైన రోజు నుంచి బేస్ తీగలు కంఠస్థం పెట్టడం మానేశాను. కొత్త కార్డ్ వస్తే స ఎక్కడ, ప ఎక్కడ అని చూసుకుంటే సరిపోతుంది.

సాధన ఎలా అంటే, కార్డ్ మార్చకండి. జి ఒక్కటే పట్టుకుని, మెట్రోనోమ్ 60లో పెట్టి, అయిదు నిమిషాలు ధుం చక్. బోర్ కొడుతుంది. కొట్టాలి. బోర్ కొడుతోందంటే బొటనవేలు మీ అనుమతి అడక్కుండా దానంతటదే తిరుగుతోందని అర్థం. బ్యాక్‌గ్రౌండ్ ప్రాసెస్ అయిపోయిందన్నమాట. అప్పుడు పైన పాడొచ్చు. బొటనవేలి మీద ధ్యాస ఉన్నంతసేపూ నోటి నుంచి పాట రాదు, ఎవరికీ రాదు.

మూడేసి దెబ్బల పాటలు వేరే కుటుంబం. డిలన్ 'ద టైమ్స్ దే ఆర్ ఎ చేంజింగ్' (1964) ధుం చక్ చక్. తిస్రం మనకి కొత్త కాదు, "తకిట తకిట" అనుకుంటూ కాలితో వేస్తే అరనిమిషంలో పట్టుబడుతుంది. ఇంగ్లిష్ వీడియోల్లో ఆరు బై ఎనిమిది అని భయపెడతారు గానీ రెండు తకిటలు పక్కపక్కన పెట్టడమే.

ఆ రెండు తకిటల పాటల్లో గొప్పది 'ద హౌస్ ఆఫ్ ద రైజింగ్ సన్'. ఎ మైనర్, సి, డి, ఎఫ్, ఇ, అయిదే కార్డ్‌లు. 1964లో యానిమల్స్ బ్యాండ్ పాడిన రూపంలో గిటారిస్ట్ హిల్టన్ వాలెంటైన్ దువ్వడు, ఒక్కో తీగని విడివిడిగా మీటుతూ కిందికి వెళ్లి పైకి వస్తాడు. సులువు రూపం చెప్తాను. బేస్ తీగ, తర్వాత మూడు, రెండు, ఒకటి, రెండు, మూడు. ఆరు మీటులు, ఒక కార్డ్ అయిపోయింది. ఈ పాట సాహిత్యం ఒక్క ముక్క పాడకపోయినా సరే, రెండు కార్డ్‌లు వినగానే కారిడార్‌లో పోతున్నవాళ్లు ఆగి గుర్తుపడతారు. ఇందాక అన్నానే, పది పాటలూ ఒకేలా వినిపిస్తాయని, దానికి మందు ఇదే. కార్డ్‌లు అవే, గుర్తింపు మీటులో ఉంది.

కుడిచేతికి కాపీరైట్ లేదు

ఇదే పాట చరిత్ర చూడండి. ఎవరు కట్టారో తెలియని జానపదం. న్యూయార్క్‌లో డేవ్ వాన్ రాంక్ దానికి తనదైన కార్డ్‌ల నడక కట్టుకున్నాడు. అది విన్న డిలన్ 1962లో తన మొదటి ఆల్బమ్‌లో పెట్టేశాడు. ఇక తను పాడితే డిలన్‌ని కాపీ కొట్టావంటున్నారని వాన్ రాంక్ ఆ పాట మానేశాడు. రెండేళ్ల తర్వాత యానిమల్స్ రికార్డు హిట్టయింది. అప్పుడు డిలన్ పాడితే యానిమల్స్‌ని కాపీ కొట్టావన్నారట, ఆయనా మానేశాడు. ఈ కథ వాన్ రాంక్ స్వయంగా నవ్వుతూ చెప్పేవాడు. ఇక యానిమల్స్ రికార్డు మీద అరేంజర్‌గా పడిన పేరు ఆర్గాన్ వాయించిన అలన్ ప్రైస్‌ది ఒక్కటే. మనం కారిడార్‌లో గుర్తుపట్టింది వాలెంటైన్ కుడిచెయ్యిని. ఆ పేరు లేబుల్ మీద లేదు.

'స్కార్‌బరో ఫెయిర్'దీ అలాంటి కథే. పాట బ్రిటన్ జానపదం. లండన్‌లో మార్టిన్ కార్తీ అనే గాయకుడు దానికి ఒక గిటార్ నడక కట్టుకుని క్లబ్బుల్లో పాడేవాడు. డిలన్ అతని దగ్గర విని, ఆ ఛాయలో 'గర్ల్ ఫ్రమ్ ద నార్త్ కంట్రీ' కట్టాడు. తర్వాత పాల్ సైమన్ విని నేర్చుకుని వెళ్లాడు. 1966 ఆల్బమ్‌లో కార్తీ పేరు రాలేదు. ఏళ్ల తరబడి మనస్పర్థ నడిచి, చివరికి 2000లో లండన్ కచేరీలో సైమన్ అతన్ని స్టేజీ మీదకి పిలిచి కలిసి పాడాడు. దొంగతనమా, జానపదంలో మామూలేనా? నా ఓటు మధ్యలో ఉంది. పాట ఎవరిదీ కాదు, నిజమే. కానీ ఆ వేళ్ల నడక ఒక మనిషి కూర్చుని కట్టింది. నేర్పినవాళ్ల పేరు చెప్పడానికి డబ్బు ఖర్చవదు కదా.

వాయించేటప్పుడు ఈ పాటలో ఒక చోట చెవి ఆగుతుంది. ఎ మైనర్, జి, సి అని దిగులుగా నడుస్తూ, హఠాత్తుగా డి మేజర్ వస్తుంది, కిటికీ తెరిచినట్టు. మామూలు మైనర్ స్కేల్ మన నఠభైరవి మెట్లు. ఈ పాట శుద్ధ ధైవతం వదిలేసి చతుశ్రుతి ధైవతం పట్టుకుంటుంది, అంటే ఖరహరప్రియ మెట్లు. డి కార్డ్‌లో ఉన్నది ఆ ధైవతమే. ఖరహరప్రియలో ఉంది అనను, గమకం లేకుండా రాగమేంటి అని మీ వింగ్‌లో సంగీతం నేర్చుకున్నవాళ్లు కొట్లాటకొస్తారు. కానీ వాళ్లనే పిలిచి ఈ పాట వినిపించండి, ఆ ధైవతం ఎక్కడ పడిందో వెంటనే చెప్తారు.

ఇప్పుడు ఎడమచేతివాటం ఆవిడ. ఎలిజబెత్ కాటెన్. నార్త్ కరోలినాలో పుట్టిన నల్లజాతి మహిళ. చిన్నతనంలోనే ఇళ్లల్లో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో గిటార్ కొనుక్కున్నారు. అది కుడిచేతివాటం గిటార్. తీగలు మార్చకుండా తలకిందులుగా పట్టుకుని వాయించడం మొదలుపెట్టారు. దాంతో లావు తీగలు కిందికి, సన్న తీగలు పైకి వచ్చాయి. అందరికీ బొటనవేలు బేస్ వాయిస్తే, ఆవిడకి వేళ్లు బేస్ వాయిస్తాయి, బొటనవేలు రాగం పాడుతుంది. 'ఫ్రెయిట్ ట్రెయిన్' అనే పాట పదకొండు పన్నెండేళ్ల వయసులో కట్టారు. తర్వాత కొన్ని దశాబ్దాలు గిటార్ ముట్టలేదు. సీగర్ కుటుంబం ఇంట్లో పనిమనిషిగా ఉన్నప్పుడు, గోడకి వేలాడుతున్న గిటార్ తీసి వాయిస్తే అది సంగీతజ్ఞుల ఇల్లు కాబట్టి విన్నవాళ్లకి మతిపోయింది. మొదటి ఆల్బమ్ 1958లో వచ్చింది, అప్పటికి ఆవిడకి అరవై దాటాయి. ఆలోపే ఆ పాట ఇంగ్లండ్ వెళ్లి, 1957లో హిట్టయి, రచయితలుగా వేరేవాళ్ల పేర్లు పడిపోయాయి. ఆవిడ హక్కు ఆవిడకి రావడానికి కోర్టు గొడవ అవసరమైంది. ఫోక్ గిటార్ నేర్చుకునేవాళ్లు ఈరోజుకీ వాయించే పాట అది. ఆవిడ పద్ధతికి 'కాటెన్ పికింగ్' అనే పేరే ఉంది.

బొటనవేలు నడుస్తుండగా వేళ్లు సందుల్లో రాగం వాయించే ఈ రకాన్ని మామూలుగా ట్రావిస్ పికింగ్ అంటారు. కెంటకీకి చెందిన మెర్ల్ ట్రావిస్ పేరు మీద వచ్చింది. ఆయన నేర్చుకున్నది తన ఊరి పక్క గనికార్మికుల దగ్గర. వాళ్లకి ఆ విద్య వచ్చిన దారిలో ఆర్నల్డ్ షుల్ట్జ్ అనే నల్లజాతి గిటారిస్ట్ ఉన్నాడని చెప్తారు. మళ్లీ అదే కథ, చేతి నుంచి చేతికి.

మన దేశంలో కూడా ఒకసారి ఈ విద్య చేతులు మారింది. 1968లో బీటిల్స్ రిషీకేశ్ ఆశ్రమానికి వచ్చినప్పుడు స్కాట్లండ్ గాయకుడు డొనవన్ కూడా అక్కడున్నాడు. అతను అలా వాయిస్తుంటే చూసి, లెనన్ కూర్చుని నేర్చుకున్నాడు. అప్పటికే ప్రపంచంలో అతనంత పేరున్న పాటగాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. అయినా బిగినర్‌లా మొదటి నుంచి. ఆ ఏడాదే వచ్చిన వైట్ ఆల్బమ్‌లో 'జూలియా', 'డియర్ ప్రూడెన్స్' వినండి, గంగ ఒడ్డున నేర్చుకున్న చెయ్యి అదే.

ట్రావిస్ పికింగ్ మొదటి నడక ఇది. సి కార్డ్ పట్టుకోండి. బొటనవేలు అయిదో తీగ, నాలుగో తీగ, అయిదు, నాలుగు, అలా ఒకటి రెండు మూడు నాలుగు. ఇది ఆగకూడదు. ఇప్పుడు ఒకటో లెక్కలో బొటనవేలితో పాటు మధ్యవేలు ఒకటో తీగని మీటాలి, రెండూ కలిపి, ఉప్పు చిటికెడు తీసినట్టు. రెండో లెక్క బొటనవేలు ఒక్కటే. రెండుకీ మూడుకీ మధ్య సందులో చూపుడువేలు రెండో తీగ. మూడో లెక్క బొటనవేలు. మూడుకీ నాలుగుకీ మధ్య మధ్యవేలు ఒకటో తీగ. నాలుగో లెక్క బొటనవేలు. మళ్లీ మొదటికి. మొదటి రెండు రోజులు వేళ్లు ఒకదానికొకటి అడ్డం పడి డెడ్‌లాక్ అయిపోతాయి. ఎంత నెమ్మదిగా అంటే నవ్వొచ్చేంత నెమ్మదిగా చెయ్యండి, మెట్రోనోమ్ 40లో. వేగం దానంతటదే వస్తుంది. వేగంగా చేసిన తప్పు మాత్రం దానంతటదే పోదు.

ఇక దేంతో మొదలుపెట్టాలి అంటే, నా సలహా మన స్కూల్ ప్రేయర్‌తో. 'హమ్ హోంగే కామ్‌యాబ్' పాడని స్కూల్ ఉండదు కదా. అది అమెరికా పౌరహక్కుల ఉద్యమ గీతం 'వి షల్ ఓవర్‌కమ్', హిందీలోకి తెచ్చింది కవి గిరిజా కుమార్ మాథుర్. 1945లో చార్ల్స్‌టన్‌లో సమ్మె చేసిన పొగాకు ఫ్యాక్టరీ కార్మికుల నోట అది ఉండేది, అక్కణ్నుంచి గాయకుల చేతికొచ్చి, 1960 నుంచి ఉద్యమమంతా పాకింది. ఆ బాణీ మీ చెవిలో పన్నెండేళ్లుగా ఉంది. కాబట్టి నెట్ చూడకండి. జి, సి, డి మూడే పెట్టుకుని, పాడుతూ, ఎక్కడ కలవడంలేదో అక్కడ మార్చి చూడండి. ఒక సాయంత్రం పడుతుంది. చెవితో పట్టిన మొదటి పాట ఇచ్చే కిక్ వంద కార్డ్ షీట్లు ఇవ్వవు. తర్వాత ధుం చక్‌తో 'బ్లోయిన్ ఇన్ ద విండ్', తకిటలతో 'రైజింగ్ సన్', ట్రావిస్ నడకతో 'ఫ్రెయిట్ ట్రెయిన్', ఆ పైన 'స్కార్‌బరో ఫెయిర్'. ఒక్కో పాటకి కనీసం రెండు వారాలు ఇవ్వండి. రికార్డుని సగం వేగంలో పెట్టి వినండి, వీడియో ఉంటే స్క్రీన్ మీద కుడిచెయ్యినే చూడండి. ఎడమచెయ్యి చూడాలనిపిస్తుంది, అది అలవాటు.

సెమిస్టర్ చివర్లో ధైర్యం ఉంటే మెకార్ట్నీ 'బ్లాక్‌బర్డ్' (1968). చిన్నప్పుడు అతనూ హారిసన్ కలిసి చెవితో పట్టుకున్న ఒక బాఖ్ బూరే ముక్క నుంచి పుట్టిందది. సరిగ్గా పట్టుకోలేదు, ఆ సరిగ్గా రానిదే పాటయింది. అందులో మామూలు కార్డ్‌లు దాదాపు లేవు. లావు తీగ మీద ఒక వేలు, రెండో తీగ మీద ఒక వేలు, రెండూ కలిసి మెడ మీద పైకీ కిందికీ నడుస్తుంటే మధ్యలో మూడో తీగ ఏమీ నొక్కకుండా మోగుతూనే ఉంటుంది. మళ్లీ తంబూరా. లెక్క మధ్యలో మూడవుతుంది, రెండవుతుంది, నాలుగవుతుంది. రికార్డులో టక్ టక్ అని వినిపించేది మెట్రోనోమ్ కాదు, మెకార్ట్నీ కాళ్లు. మీరూ కాలు వెయ్యకుండా ఆ పాట నిలబడదు. కాకపోతే రాత్రి పదకొండు దాటాక అయితే, కింది ఫ్లోర్ రూమ్‌వాళ్లకి ముందే ఒక మాట చెప్పి మొదలుపెట్టండి.